గగనయోధుల గురుకులం

1986లో అమెరికాలో అన్నిటికంటె ఎక్కువ వసూళ్లు రాబట్టిన చిత్రం 'టాప్ గన్'. టోనీ స్కాట్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో టామ్ క్రూజ్ ధరించిన పాత్ర పేరు మావరిక్. అతడు నౌకాదళంలో యుద్ధవైమానికుడు. నైపుణ్యానికి లోటు లేదు. నిబంధనలంటే మాత్రం లక్ష్యం లేదు. శిక్షణలో తోటివారిని ఓడించి ప్రథమ బహుమతి అందుకోవాలన్నదే అతడి తపన. రివ్వున దూసుకుపోయే ఎఫ్-14 విమానాలను, సంధ్యాకాంతిలో మెరిసే విమానవాహక నౌకను చూసి ప్రేక్షకులు ముగ్ధులైపోయారు.

అయితే ఈ కథకు ఆధారమైన పాఠశాల పుట్టుకకు కారణం పరాభవం.

క్షిపణులు వచ్చిన తర్వాత విమానాలు ఆకాశంలో ముఖాముఖి తలపడవలసిన అవసరమే ఉండదని ఒకనాడు నిపుణులు భావించారు. నౌకాదళపు ఫాంటమ్ విమానాలలో తుపాకి సైతం అమర్చలేదు. తీరా వియత్నాం యుద్ధంలో క్షిపణులు తరచుగా గురి తప్పాయి. చిన్నవి, చురుకైనవి అయిన మిగ్ విమానాలు మీదికి వచ్చిపడ్డాయి. తమ విమానం ఒకటి కూలేలోగా అమెరికన్ నౌకాదళం కూల్చగలిగిన శత్రు విమానాలు సగటున రెండున్నరకు మించలేదు.

1968లో కెప్టెన్ ఫ్రాంక్ ఆల్ట్ లోపాలన్నిటినీ ఏకరువు పెడుతూ నివేదిక సమర్పించాడు. ఫలితంగా 1969 మార్చి 3న కాలిఫోర్నియాలోని మిరమార్ స్థావరంలో ఈ పాఠశాల వెలసింది. తొలి తరగతి గది ఒక పాత ట్రైలరు. అక్కడి శిక్షణ మొదలైన తర్వాత, యుద్ధం చివరి సంవత్సరాలలో ఆ రెండున్నర కాస్తా పన్నెండు దాటింది.

ఈ మార్పు ఎలా సాధ్యమయింది? మిగ్ ల వలె చిన్నవైన విమానాలలో అధ్యాపకులే శత్రువులై శిష్యులను ఎదుర్కొనేవారు. అసలు పాఠం మాత్రం నేల మీద దిగిన తర్వాతనే ప్రారంభమయ్యేది. పోరాటంలోని ప్రతి మలుపునూ గీసి చూపి, ఎక్కడ పొరపాటు జరిగింది, ఎందుకు జరిగింది అని నిర్మొహమాటంగా విచారించేవారు. 1996లో నెవాడాలోని ఫాలన్ కు తరలిన ఈ పాఠశాలలో ప్రథమ బహుమతి అనేదే లేదు. అది చిత్రంలోని కల్పన. పైగా ఆ చిత్రంలోని సంభాషణలు వల్లించిన వైమానికులకు అక్కడ అయిదు డాలర్ల జరిమానా!

చిత్రంలో మావరిక్ విమానం అదుపు తప్పి, బల్లపరుపుగా గిరగిర తిరుగుతూ సముద్రం మీదికి జారిపోతుంది. ప్రాణస్నేహితుడు గూస్ మరణిస్తాడు. ఆ సుడి ప్రేక్షకుడికి కళ్లకు కట్టాలంటే తిరుగుతున్న విమానంలో నుంచే చిత్రీకరించాలి. అందుకు ఆర్ట్ షోల్ పూనుకున్నాడు. విమాన విన్యాసాలలో అందెవేసిన చేయి, కళాశాలలో విమానవిద్య బోధించిన గురువు, వయస్సు యాభైమూడు. 1985 సెప్టెంబరు 16న అతడు కెమెరాలు అమర్చిన చిన్న విమానంలో కాలిఫోర్నియా తీరాన ఎగిరి, సుడిలోకి దిగాడు. మళ్లీ పైకి లేవలేదు. విమానం పసిఫిక్ మహాసముద్రంలో పడిపోయింది.

విమానం గాని, దేహం గాని లభించలేదు. చిత్రాన్ని షోల్ స్మృతికి అంకితం చేశారు. ఎక్కడ పొరపాటు జరిగింది, ఎందుకు జరిగింది అని నేల మీద కూర్చుని అడిగి తెలుసుకునే అవకాశం ఈసారి లేకపోయింది. ఆ ప్రమాదానికి కారణం ఈనాటికీ తేలలేదు.