ఒక్క యంత్రమునకే తెలిసిన విద్య

యంత్రభాగమును పోతపోయుటకు గాని, చెక్కుటకు గాని ముందు దాని పటమును గీయవలెను. చిరకాలము ఈ పని బల్లపై పరచిన కాగితము, కొలబద్ద, వృత్తలేఖిని సాయముననే జరుగుచుండెను. ఒక రంధ్రమును అర అంగుళము జరుపవలసి వచ్చినచో, ఆ మార్పు సోకిన గీతలనెల్ల చెరిపి మరల గీయవలసినదే. ఒక్కొక్కప్పుడు పటమంతయు క్రొత్తగా గీయవలసి వచ్చెడిది.

కంప్యూటరు ఈ శ్రమను తగ్గించినది. అది గీతను సంఖ్యల రూపమున జ్ఞాపకముంచుకొనును. సరళరేఖకు దాని రెండు కొనల స్థానములు, వృత్తమునకు కేంద్రమును వ్యాసార్ధమును తెలిసిన చాలును. ఒక సంఖ్యను మార్చినచో పటమును అదియే తిరిగి గీయును. ఏ క్రమమున ఏమి చేయవలెనో దానికి తెలుపు ఆజ్ఞల సముదాయమే ప్రోగ్రాము. ఇట్లు కంప్యూటరు సాయమున వస్తువులకు రూపకల్పన చేయు పద్ధతిని ‘క్యాడ్’ అందురు.

ఈ విద్యకు ఆద్యులలో ఒకరు అమెరికా దేశస్థుడగు పాట్రిక్ హాన్‌రాటీ. ఆయన 1957లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఉండగా, లోహమును కోయు యంత్రములను నడపుటకు ‘ప్రాంటో’ అను ఆజ్ఞాభాషను రచించెను. పిమ్మట జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో కారుభాగముల రూపకల్పనకు కంప్యూటరును వినియోగించు పనిలో పాల్గొనెను. ఇంతటి అనుభవము గడించి, 1970లో సొంత సంస్థను స్థాపించి, పటరచనకు ఒక ప్రోగ్రామును సిద్ధము చేసెను. అది నిలువలేదు.

అందులకు ఒక ముఖ్యకారణము వింతగా తోచును. ఆ ప్రోగ్రామును వ్రాసిన భాష టి.పి.ఎల్. అనునది, దాని నెఱిగినవారు బహు స్వల్పము. అది నడచు కంప్యూటరో, కొలదిమంది యొద్దనే ఉండెను. పటములు గీయు ప్రోగ్రాము కొఱకు వేఱొక కంప్యూటరును కొనుడని కర్మాగారముల వారిని ఎవరు ఒప్పింపగలరు?

ఆ కాలమున కంప్యూటర్ల నడుమ గల భేదము నేటివారి ఊహకు అందనిది. సున్న గాని ఒకటి గాని అగు అంకెకు బిట్టని పేరు. సంఖ్యలను దాచు గదిలో ఒక యంత్రమున 16 బిట్లు, ఒకదానిలో 36, మఱియొకదానిలో 60 పట్టుచుండెను. ఒక యంత్రపు స్వభావమును నమ్మి వ్రాసిన ఆజ్ఞలు మఱొకదానికి అర్థము కావు. అర్థమైనను లెక్క తప్పవచ్చును.

హాన్‌రాటీ 1971లో మాన్యుఫాక్చరింగ్ అండ్ కన్సల్టింగ్ సర్వీసెస్ అను రెండవ సంస్థను స్థాపించెను. ఈసారి ‘ఆడమ్’ అను ప్రోగ్రామును ఫోర్ట్రాన్ భాషలో రచించెను. ఫోర్ట్రాన్ 1957లో వెలువడినది. అప్పటికి అందులో నూతనత్వమేమియు లేదు. పాతబడిన పనిముట్టును కోరి చేపట్టుట నిపుణునకు సులభమైన పని కాదు. అయినను ఆ భాషను తమ యంత్రపు భాషలోనికి మార్చు అనువాదక ప్రోగ్రామును పెక్కుమంది తయారీదారులు సమకూర్చియుండిరి. కావున ఒకే రచన పలు కంప్యూటర్లపై నడచుటకు వీలయ్యెను. ఇతరుల ప్రోగ్రాములతో, తుదకు పోటీదారుల వానితోను, సమాచారమును ఇచ్చిపుచ్చుకొను ద్వారము తెఱచియుండవలెనని కూడ ఆయన గ్రహించెను.

1973లో యునైటెడ్ కంప్యూటింగ్ అను సంస్థ ఆడమ్‌ను కొని, దాని పునాదిపై ‘యూనిగ్రాఫిక్స్’ను నిర్మించెను. అది చేతులు మారి మారి 2007లో జర్మనీ దేశపు సీమెన్స్ సంస్థకు చెందినది. ఎన్.ఎక్స్. అను పేరుతో ఇంజనీర్లు నేటికిని దానిని వాడుచున్నారు.