గేమ్ ఆడితే డబ్బులొస్తాయి సరే, అవి ఎవరి డబ్బులు?

"అన్నా, ఈ గేమ్ ఆడితే కాయిన్స్ వస్తాయంట, అమ్ముకుంటే రూపాయలంట. నిజమేనా?" మాకు వచ్చే మెసేజ్‌లలో వారానికి ఒకటైనా ఇలాంటిది ఉంటుంది. మధ్య మధ్యలో ఇంకో రకం కూడా వస్తుంది: గేమింగ్ ఫోన్ ఈఎంఐలో తీసుకుని, ఆ కాయిన్స్‌తోనే కట్టేస్తే ఎలా ఉంటుంది అని. రెండో రకం మెసేజ్ చూస్తేనే నాకు భయం వేస్తుంది. అందుకే ఇది కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. బ్లాక్‌చైన్ గేమ్స్ వాళ్లు చెప్పే సమస్య నిజమైనదే. 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం బ్యాన్ చేసింది. అక్టోబర్ 30తో మన దేశంలో సర్వర్లు కూడా ఆగిపోయాయి. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ వంతు వచ్చింది. పాకెట్ మనీ పెట్టి కొన్న స్కిన్స్, బండిల్స్ ఏమయ్యాయి? అసలు అవి మనవి అయితే కదా! కంపెనీ సర్వర్‌లో మన ఐడీ పక్కన ఉన్న ఒక ఎంట్రీ, అంతే. బ్లాక్‌చైన్ వాళ్లు చెప్పేది ఏంటంటే, ఆ ఎంట్రీ కంపెనీ సర్వర్‌లో కాకుండా అందరికీ కనిపించే పబ్లిక్ లెడ్జర్‌లో ఉంటుంది, తాళం మీ వాలెట్‌లో ఉంటుంది, కంపెనీ కూడా దాన్ని లాక్కోలేదు అని. వినడానికి బాగుంది కదా?

అయితే ఎఫ్1 డెల్టా టైమ్ సంగతి చూడండి. యానిమోకా బ్రాండ్స్ చేసిన ఫార్ములా 1 గేమ్ అది. 2019లో అందులో ఒక కారు ఎన్ఎఫ్‌టీ లక్ష డాలర్లకు పైనే పలికింది. 2022 మార్చిలో లైసెన్స్ రెన్యూ కాలేదు, గేమ్ మూతపడింది. కొన్నవాళ్లకు కంపెనీ బదులుగా వేరే ఐటెమ్స్ ఇస్తామంది, అది వేరే విషయం. టోకెన్ మాత్రం వాలెట్‌లో అలాగే ఉంది. కారు మీదే, నడపడానికి రోడ్డే లేదు. లెడ్జర్ కాపాడేది టోకెన్‌ను మాత్రమే. గేమ్, గ్రాఫిక్స్, సర్వర్, లైసెన్స్ అన్నీ ఇంకా కంపెనీ చేతిలోనే ఉంటాయి. పబ్‌జీ స్కిన్ పోయినప్పుడు మనకు జరిగిందానికీ దీనికీ తేడా ఎంత అంటే, నాకైతే పెద్దగా కనిపించలేదు.

యాక్సీ లెక్క

ఇక "ప్లే టు ఎర్న్" అనగానే అందరూ చెప్పే పేరు యాక్సీ ఇన్ఫినిటీ. వియత్నాంకు చెందిన స్కై మావిస్ తయారుచేసింది. పోకెమాన్ టైపు బొమ్మలు, వాటితో యుద్ధాలు. అప్పట్లో ఆడాలంటే ముందుగా మూడు యాక్సీలు కొనాల్సి వచ్చేది. గెలిస్తే ఎస్ఎల్‌పీ అనే టోకెన్ వచ్చేది. లాక్‌డౌన్‌లో ఉద్యోగాలు పోయిన ఫిలిప్పీన్స్‌లో ఇది పిచ్చిగా పాకింది. యాక్సీలు కొనే స్తోమత లేనివాళ్లకు ఒక "మేనేజర్" తనవి అద్దెకు ఇచ్చేవాడు, వచ్చినదాంట్లో వాటా తీసుకునేవాడు. ఇలా ఆడేవాళ్లను "స్కాలర్" అనేవాళ్లు. పేరు గొప్పగా ఉంది కానీ, మన ఊళ్లో ఆటో అద్దెకు తీసుకుని నడిపినట్టే.

ఇది పడిపోయిందని చాలామందికి తెలుసు. ఎందుకు పడిపోయిందో తెలుసుకుంటే రేపు ఇంకో పేరుతో వచ్చే గేమ్‌ను కూడా మీరే పట్టుకోగలరు.

ఎస్ఎల్‌పీతో ముఖ్యంగా ఒకటే పని: రెండు యాక్సీలను కలిపి కొత్త యాక్సీని పుట్టించడం. ఆ కొత్త యాక్సీని ఎవరు కొంటారు? ఎక్కువగా కొత్తగా గేమ్‌లోకి వచ్చేవాళ్లే. అంటే మీరు ఈరోజు సంపాదించిన ఎస్ఎల్‌పీకి విలువ ఉండాలంటే రేపు ఇంకొకరు జేబులోంచి డబ్బు తీసి చేరాలి. ఎల్లుండి ఇంకా ఎక్కువమంది చేరాలి. ఎందుకంటే రేపు చేరినవాడు కూడా ఎస్ఎల్‌పీ సంపాదించడం మొదలుపెడతాడు! పేపర్లలో గొలుసుకట్టు స్కీముల గురించి చదివే ఉంటారు. నిర్వాహకుల ఉద్దేశం ఏదైనా, లెక్క మాత్రం అదే దారిలో నడిచింది.

2021 వేసవిలో ఒక ఎస్ఎల్‌పీ 30 సెంట్ల దరిదాపుల్లో ఉండేది. 2022 మధ్యకు ఒక సెంటు కూడా లేదు. రోజుకు 150 టోకెన్లు తెచ్చుకునే ఆటగాడు ఒకడు ఉన్నాడనుకుందాం. 30 సెంట్ల లెక్కన రోజుకు 45 డాలర్లు. అర సెంటు లెక్కన 75 సెంట్లు. అవే గంటలు, అవే వేళ్లు, అదే బ్యాటరీ. ఈఎంఐ మాత్రం తగ్గదు. బ్యాంకు టోకెన్ రేటు చూసి కిస్తీ వసూలు చేయదు కదా.

దెబ్బ మీద దెబ్బగా 2022 మార్చి 23న హ్యాక్ జరిగింది. యాక్సీ నడిచే రోనిన్ చైన్‌లో లావాదేవీలకు ఓకే చెప్పే వాలిడేటర్లు అప్పట్లో 9. ఐదు సంతకాలు ఉంటే డబ్బు బయటకు తీయొచ్చు. అందులో నాలుగు స్కై మావిస్ చేతిలోనే ఉన్నాయి. ఐదోది యాక్సీ డావోది. రద్దీ ఎక్కువైందని 2021 నవంబర్‌లో తన తరఫున సంతకం చేసే అనుమతిని అది స్కై మావిస్‌కు ఇచ్చింది. డిసెంబర్‌లో ఆ ఏర్పాటు ఆగిపోయింది, అనుమతి తీసేయడం మర్చిపోయారు. హ్యాకర్లకు ఆ ఐదూ దొరికాయి. 1,73,600 ఈథర్, 2.55 కోట్ల యూఎస్‌డీసీ పోయాయి, అప్పటి లెక్కలో 60 కోట్ల డాలర్లకు పైనే. విచిత్రం ఏంటంటే, ఆరు రోజులు ఎవరికీ తెలియదు. ఒక యూజర్ 5,000 ఈథర్ తీసుకోబోతే రాలేదు, అప్పుడు బయటపడింది. ఇది ఉత్తర కొరియా హ్యాకర్ల ముఠా లాజరస్ పని అని తర్వాత ఎఫ్‌బీఐ చెప్పింది. స్కై మావిస్ బయటి నుంచి పెట్టుబడి తెచ్చి యూజర్ల నష్టం పూడ్చింది, అది మెచ్చుకోవాలి. కానీ "ఎవరి చేతిలోనూ లేని వ్యవస్థ" అని చెప్పిన దాంట్లో తొమ్మిదిలో ఐదు తాళాలు ఒకే గూట్లో దొరికాయంటే ఏమనాలి?

గాల్లో ప్లాట్లు

వర్చువల్ ల్యాండ్ గురించి ఎక్కువ చెప్పను. డీసెంట్రలాండ్‌లో 2021 నవంబర్‌లో ఫ్యాషన్ జిల్లాలో కొన్ని ప్లాట్లు కలిపి 6,18,000 మానా టోకెన్లకు అమ్ముడయ్యాయి, దాదాపు 24 లక్షల డాలర్లు. కోకాపేటలో 2023లో ఎకరం 100 కోట్లు దాటిందంటే అక్కడ ఓఆర్ఆర్ ఉంది, పక్కనే ఐటీ ఆఫీసులు ఉన్నాయి. దూరం ఉంది కాబట్టే దగ్గరకు రేటు. ఒక్క క్లిక్‌తో ఎక్కడికైనా వెళ్లిపోయే చోట "ప్రైమ్ లొకేషన్" అంటే ఏంటి? పైగా పక్కన ఇంకో వర్చువల్ వరల్డ్ తెరవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నేను అలాంటి ఒకదాంట్లో రెండు మూడు సాయంత్రాలు తిరిగా. బిల్డింగులు బాగున్నాయి. మనుషులే లేరు. నిజంగా జనం ఉన్న మైన్‌క్రాఫ్ట్ అయితే 2022లోనే ఎన్ఎఫ్‌టీలు వద్దని చెప్పేసింది. అంతకుముందు ఏడాదే స్టీమ్ బ్లాక్‌చైన్ గేమ్స్‌ను తన స్టోర్‌లోకి రానివ్వనంది.

ఇంత చెప్పాక కూడా ట్రై చేద్దాం అనుకునేవాళ్లు ఉంటారు, నాకు తెలుసు. టెక్నాలజీ తెలుసుకోవాలనే ఆసక్తి ఉంటే తప్పేం లేదు. టోకెన్ అనేదే లేదనుకుని ఒక వారం ఆడండి. బోర్ కొడితే అది గేమ్ కాదు, జీతం గ్యారంటీ లేని డ్యూటీ. మెయిన్ ఫోన్‌లో, బ్యాంకింగ్ యాప్స్ పక్కన కొత్త వాలెట్ పెట్టకండి. వాలెట్ ఇచ్చే 12 పదాల సీడ్ ఫ్రేజ్ కాగితం మీద రాసుకోండి, స్క్రీన్‌షాట్ వద్దు. డిస్కార్డ్‌లో "సపోర్ట్ టీమ్" అని ఎవరైనా అవి అడిగితే వాడు దొంగే.

ట్యాక్స్ కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో, ఎన్ఎఫ్‌టీ లాభాల మీద 30 శాతం. ఒక ఎన్ఎఫ్‌టీలో 10,000 లాభం, ఇంకోదాంట్లో 10,000 నష్టం వచ్చిందనుకోండి, చేతికి వచ్చింది సున్నా. అయినా 3,000 ట్యాక్స్ కట్టాలి, పైన సెస్సు. నష్టాన్ని లాభంలోంచి తీసేయనివ్వరు. ఇక 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే గేమ్స్‌ను నిషేధించింది. అందులో పందెం అంటే రూపాయలే కాదు, డబ్బు పెట్టి కొన్న కాయిన్లు, టోకెన్లు కూడా వస్తాయి. "ఎంట్రీకి టోకెన్ కొనండి, గెలిస్తే టోకెన్లు ఇస్తాం" అనే యాప్ మీకు ఎవరైనా పంపితే, ఇన్‌స్టాల్ బటన్ నొక్కేముందు ఆ చట్టంలో నిర్వచనాల పేజీ ఒక్కటి చదవండి.