పెద్ద ఇంజను బేరం: ముందు కూర్చొని లెక్క చూచుకొందము



మన కోనసీమలో మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. తెల్లవారకముందే పాల క్యాన్లు, చేపల బుట్టలు దాని మీదే వెళ్తాయి. దింపు తీసిన కొబ్బరికాయలు దాని మీదే ఇంటికి చేరతాయి. జ్వరమొచ్చిన పిల్లవాణ్ణి అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లేదీ, ఆదివారం భార్యాబిడ్డలను ఆరాధనకు తీసుకొచ్చేదీ అదే.

అందుకే, "మీ పాత ఇంజను ఇచ్చి, పైన ఇంత సొమ్ము కట్టండి, పెద్ద ఇంజను బిగించి ఇస్తాం" అనే బేరం వస్తే ఇంట్లో ఆశ పుడుతుంది. కుర్రవాడికి వేగం మీద ఆశ, తండ్రికి బరువు లాగుతుందన్న ఆశ. ఇది షెడ్డులో తేలిపోయే చిన్న సంగతిలా కనబడుతుంది. కాని ఇంటి సొమ్ము, ఇంటివారి ప్రాణము, మన యథార్థత, ఈ మూడూ ఇందులో ఉన్నాయి.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క చూచుకొంటాడని ప్రభువు బోధించెను (లూకా 14:28). మనం తాగే కాలువ నీటి వెనుక కూడా అలాంటి లెక్కే ఉంది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాడు. అయితే రాయి వేయకముందే నదిని పరిశీలించి, అయ్యే ఖర్చును, కలిగే లాభమును కాగితం మీద పెట్టి ప్రభుత్వానికి పంపాడు. అంత పెద్ద పనికి అవసరమైన లెక్క మన చిన్న పనికి అక్కరలేదా?

మరమ్మతా, మార్పా?

మొదట అడగవలసిన ప్రశ్న: నా బండికి జబ్బు చేసిందా, లేక నాకే ఇంకా కావాలనిపిస్తోందా? సైలెన్సరు నుండి నీలంపొగ వస్తూ ఇంజనాయిలు తరిగిపోతుంటే రింగులో, బోరో అరిగిందని అనుమానించాలి. అప్పుడు సిలిండరును బోరు చేసి, 0.25 లేక 0.50 మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేస్తారు. అది మరమ్మతు. పోయిన బలం తిరిగి వస్తుంది, బండి మాత్రం అదే బండి.

ఇంజను సామర్థ్యమునే పెంచడం వేరు. మన ఊళ్లలో ఎక్కువగా తిరిగే 97.2 సి.సి. బండిలో బోరు 50 మి.మీ., పిస్టన్ కదిలే దూరం 49.5 మి.మీ. బోరును 54 మి.మీ. చేస్తే సుమారు 113 సి.సి. అవుతుంది. కాని క్లచ్, గేర్లు, చైను, ఇంజనును చల్లబరిచే రెక్కలు పాత బలానికి తగినట్టుగానే ఉంటాయి. వేడి పెరిగితే వాటి ఆయుష్షు తరుగుతుంది.

మరొక మాట. క్లచ్ జారుతున్నా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, బ్రేకు పట్టేసినా, టైర్లలో గాలి తగ్గినా బండి లాగదు. మనకు కొండలు లేవు. ఎక్కవలసిన ఎత్తులు ఏటిగట్లూ వంతెనలే. ముందుగా వీటిని చూపించుకుంటే పెద్ద ఇంజను అవసరమే కనబడకపోవచ్చు.

కాగితం ఏమంటుంది?

ఆర్.సి. పుస్తకంలో ఇంజను నంబరు, సి.సి. రాసి ఉంటాయి. తయారీదారు చూపిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా దీనినే స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా పడవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు సొమ్ము దగ్గర పేచీ రావచ్చు.

బిల్లు లేని పాత ఇంజను ఎవరి బండిదో మనకు తెలియదు. అది దొంగ సొత్తయితే పోలీసుల ముందు నిలబడేది మనమే. దొంగత్రాసు దేవునికి అసహ్యమని సామెతలు 11:1 హెచ్చరిస్తుంది. ఆర్.సి.లో ఒక నంబరు, బండిలో మరొక నంబరు ఉండటం కూడా ఆ కోవలోనిదే.

వెనుక కూర్చున్నవారి సంగతి

ఇల్లు కట్టినవాడు డాబాకు పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22:8 ఆజ్ఞాపిస్తుంది. ఎవరూ పడి చావకుండా చూడటం యజమాని బాధ్యత. బండికి పిట్టగోడ బ్రేకే. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి. దాటిన కొత్త బండ్లకు చక్రం బిగుసుకోకుండా ఆపే ఎ.బి.ఎస్. తప్పనిసరి చేశారు. బలం పెరిగినప్పుడు బ్రేకు కూడా పెరగాలన్నది అందులోని నీతి. ఇంజనును పెంచి చిన్న బ్రేకును అలాగే ఉంచితే, ఆ భారం వెనుక కూర్చున్న తల్లీబిడ్డల మీద పడుతుంది.

సొమ్ము లెక్క

బేరం 18,000 రూపాయలనుకుందాం. రోజుకు 30 కిలోమీటర్లు, అంటే నెలకు 900 కిలోమీటర్లు తిరుగుతాం. లీటరుకు 60 ఇచ్చిన బండి 45కు పడిపోతే, 15 లీటర్ల చోట 20 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయల చొప్పున నెలకు 550 అదనం. ఆ 18,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు మరో 360. మొత్తం నెలకు 910, ఏడాదికి 10,920 రూపాయలు. అసలు మాత్రం అలాగే ఉంటుంది! అప్పుచేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడవుతాడన్న సామెతలు 22:7 మాట ఎంత నిజమో చూడండి. ఇంత చేసి కలిసొచ్చేది రావులపాలెం నుండి అమలాపురం చేరడంలో కొన్ని నిమిషాలు.

ఏం చేయాలి?

బండి అరిగితే ఇద్దరు మెకానిక్కుల దగ్గర ఎస్టిమేటు అడిగి బోరు చేయించండి. ఇంజను పూర్తిగా పాడైతే అదే కంపెనీ, అదే మోడలు ఇంజనును బిల్లుతో తీసుకోండి. అయితే ముందుగా రవాణా కార్యాలయంలో అడిగి, ఆర్.సి.లో నమోదు చేయించండి. నిజంగా బరువు పని పెరిగితే, ఆ పనికే తయారైన బండిని సరైన కాగితాలతో, స్తోమత కూడినప్పుడు కొనండి. అంతవరకు బోరు చేయించిన పాత బండే మేలు. పెద్ద ఇంజను బేరం చాలా కుటుంబాలకు గిట్టదు.

యౌవనస్థులారా, మీ తండ్రి వద్దన్నప్పుడు పిసినారితనమని అనుకోకండి. తండ్రులారా, ఊరికే కసరకండి. ఈ లెక్కను బిడ్డ చేతనే వేయించండి. భార్యాభర్తలు కలిసి కాగితం మీద రాసి, ప్రార్థించి, ఆ తరువాతే మాట ఇవ్వండి. బయానా ఇచ్చాక వేసే లెక్క కన్నీళ్ల లెక్కవుతుంది.

మన గట్ల మీద, వంతెనల మీద సాగే ప్రతి ప్రయాణములో ప్రభువు మన కుటుంబములను క్షేమముగా ఇల్లు చేర్చును గాక. ఆమేన్.