అత్యవసర విభాగంలో రుసుము తగునా?

ఏ పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా రాత్రివేళ అత్యవసర విభాగం ముందు రెండు విధాల రోగులు కనిపిస్తారు. పాము కరచినవారు, రహదారి ప్రమాదంలో గాయపడినవారు, గుండెనొప్పితో వచ్చినవారు ఒక వైపు. నాలుగు రోజుల జలుబుతోనో, పాత మోకాలినొప్పితోనో, అయిపోయిన బి.పి. మాత్రల కొరకో వచ్చినవారు మరొక వైపు. ఈ రెండవ వర్గంవారి నుండి రుసుము వసూలు చేస్తే రద్దీ తగ్గుతుందనే వాదం పలు దేశాలలో ఉన్నది. ఐర్లండులో కుటుంబ వైద్యుని చీటీ లేకుండా నేరుగా వచ్చినవారు 100 యూరోలు చెల్లించాలి. పేదలకిచ్చే వైద్యకార్డు కలవారికి, ఆసుపత్రిలో చేర్చుకొన్నవారికి మినహాయింపు ఉన్నది.

వాదం సబబుగానే తోస్తుంది. అయితే తన బాధ అత్యవసరమా, కాదా అని రోగి ఎట్లు నిర్ణయించగలడు? ఛాతీలో మంట అజీర్ణం కావచ్చును, గుండెపోటూ కావచ్చును. నిద్రలో కట్లపాము కరిస్తే నొప్పి అంతగా ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. కొన్ని గంటలకు కనురెప్పలు వాలి, ఊపిరి ఆగే స్థితి వస్తుంది. రుసుముకు వెరచి తెల్లవారే దాకా వేచినవాడు ప్రాణమే పోగొట్టుకొనవచ్చును.

అమెరికాలో రాండ్ సంస్థ 1974 నుండి 1982 వరకు జరిపిన పరిశోధన ఈ సంగతినే తెలిపింది. సొంత డబ్బు పెట్టవలసి వచ్చినప్పుడు ప్రజలు అనవసరమైన వైద్యంతోబాటు అవసరమైన వైద్యాన్ని కూడా తగ్గించుకొన్నారు. రక్తపోటు గల పేదలకే ఎక్కువ హాని కలిగింది.

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో తమిళనాడు ప్రభుత్వ ఆసుపత్రుల చికిత్స ఉచితం. సరిహద్దు దాటి బెంగళూరు వెళితే విక్టోరియా ఆసుపత్రిలో బయటిరోగుల చీటీ వెల 2024 నవంబరులో 10 రూపాయల నుండి 20కి పెరిగింది. చీటీ వెల స్వల్పమే. కూలి పోగొట్టుకొని, బస్సు ఖర్చు పెట్టుకొని వచ్చినవారికి అదీ బరువే. అత్యవసర చికిత్స సకాలంలో అందించకపోవడం జీవించే హక్కుకు భంగమని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో తీర్పునిచ్చింది. రహదారి ప్రమాద బాధితులకు మొదటి 48 గంటల చికిత్స ఖర్చును భరించే పథకాన్ని తమిళనాడు 2021 డిసెంబరులో ప్రారంభించింది. క్షతగాత్రుడు ఏ రాష్ట్రంవాడైనా గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ఇది వర్తిస్తుంది.

రద్దీ తగ్గించుటకు వేరే మార్గాలున్నవి. మొదటిది, వచ్చినవారిని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులతో వేరుచేసి, ప్రాణాపాయం ఉన్నవారిని ముందు చూడడం. రెండవది, మాత్రలను ఇంటికే చేర్చడం. బి.పి., మధుమేహ రోగులకు ఇంటివద్దనే వైద్యమందించే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం 2021 ఆగస్టు 5న ఈ జిల్లాలోని సామనపల్లి గ్రామంలోనే మొదలైంది. మాత్రలు ఇంటికి వచ్చినవాడు వాటి కొరకు అర్ధరాత్రి ఆసుపత్రికి పోడు.

ప్రజల బాధ్యత కూడా ఉన్నది. జలుబు, పాతనొప్పులకు పగటివేళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే తగిన చోటు. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, మూతి వంకరపోవడం, పాముకాటు, ఫిట్స్, గర్భిణికి రక్తస్రావం, వీటిలో ఏది కనిపించినా వేళ చూడక 108కు ఫోను చేయాలి. అనుమానం కలిగినప్పుడు వెళ్ళడమే మేలు. వట్టిదేనని వైద్యుడు చెబితే అంతకంటె కావలసినదేమున్నది?