కారు చెప్పే కబుర్లు

పిల్లలూ! తిరుమలాయపాలెం నుంచి ఖమ్మం బయలుదేరిన కారు ఎక్కడ ఎంతసేపు ఆగిందో పూర్వం అందులో కూర్చున్నవాళ్ళకే తెలిసేది. ఈనాటి కొత్త కార్లు చాలావరకు ఆ కబురు దూరాన ఉన్న కంపెనీకి కూడా చేరవేస్తాయి. ఎలాగంటారా?

ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు సంకేతాలు పంపుతుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, కారు తానెక్కడున్నదీ లెక్క కట్టుకుంటుంది. ఉపగ్రహాలకు మాత్రం మీ కారు సంగతే తెలియదు! కబురు మోసేది కారులో అమర్చిన సిమ్ కార్డు. అది సెల్‌ఫోన్ లాగే టవరు ద్వారా కంపెనీ కంప్యూటరుకు వార్త పంపుతుంది.

ఇందువల్ల మేలు లేకపోలేదు. అడవి దారిలో ప్రమాదం జరిగితే, టవరు అందినచోట సాయం త్వరగా రావచ్చు. కాని మీరు రోజూ ఏ బడికి, ఏ ఆసుపత్రికి వెళ్ళేదీ పరాయివాళ్ళకు తెలిస్తే? 2023లో మొజిల్లా ఫౌండేషన్ 25 బ్రాండ్ల కార్లను ఈ విషయంలో పరిశీలించగా, ఒక్కటీ నెగ్గలేదు.

మనిషికి తన గుట్టు కాపాడుకునే హక్కు ఉన్నది. అది ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. కనుక కొత్త కారు కొనేటప్పుడు, "ఇది ఎవరికి ఏమేం చెబుతుంది? వద్దంటే మానుతుందా?" అని అడగమని మీ పెద్దవాళ్ళకు చెప్పండి. పాత కారు అమ్మేటప్పుడు, అందులో దాగిన చిరునామాలూ, ఫోను నంబర్లూ చెరిపివేయించటం మరవకండి!