పుండు మానిందని ఊరుకుంటున్నారా? అసలు ముప్పు అప్పుడే మొదలు!

జననాంగాల దగ్గర చిన్న పుండు. నొప్పి ఉండదు. కొన్ని వారాల్లో దానంతట అదే మానిపోతుంది. హమ్మయ్య అనుకుని చాలామంది వదిలేస్తారు. కానీ అది సిఫిలిస్ అయితే.. మానింది పుండే, జబ్బు కాదు. పాతకాలం వాళ్లు సవాయి అనేది దీన్నే. ఆ తర్వాత అరచేతులు, అరికాళ్లలో దద్దుర్లు రావొచ్చు, అవీ పోతాయి. చికిత్స లేకపోతే కొందరిలో ఏళ్ల తర్వాత గుండె, మెదడు, కళ్లు దెబ్బతింటాయి.

ఇంకో విషయం.. భార్య గర్భవతి అయితే కడుపులోని బిడ్డకూ సోకుతుంది. గర్భస్రావం కావొచ్చు, బిడ్డ చనిపోయి పుట్టొచ్చు. గర్భిణులకు మొదట్లోనే సిఫిలిస్ రక్తపరీక్ష చేసేది ఇందుకే.

తొలి దశలో పట్టుకుంటే సాధారణంగా ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది. అయితే ఒకరే వేయించుకుంటే సరిపోదు. భాగస్వామికి చికిత్స జరగకపోతే మళ్లీ అంటుకుంటుంది. పుండు ఉంటే హెచ్‌ఐవీ సోకే ముప్పూ ఎక్కువే, ఆ పరీక్ష కూడా చేయించుకోవాలి. సిగ్గుపడి మెడికల్ షాపులో ఏవో మాత్రలు కొనుక్కుని మింగడమే పెద్ద పొరపాటు!

కండోమ్ ముప్పును బాగా తగ్గిస్తుంది. కానీ అది కప్పని చోట పుండు ఉంటే తాకినా సోకొచ్చు.

ప్రభుత్వ ఆస్పత్రుల్లోని సుఖవ్యాధుల క్లినిక్‌లలో పరీక్షలు, మందులు ఉచితం. వివరాలు గోప్యంగా ఉంచుతారు. సందేహాలుంటే జాతీయ ఎయిడ్స్ టోల్‌ఫ్రీ నంబర్ 1097కి కాల్ చేయొచ్చు.