కడప బండకు తోడు... కోడ్ పుస్తకం!

ముంబయిలో మేస్త్రీని పిలిచి వంటింటి గట్టు కట్టమంటే ‘కడప్పా వేయనా?’ అని అడుగుతాడు. ఆ కడప్పా మరేదో కాదు, మన కడప బండే! ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల్లో పొరలు పొరలుగా లేచే నల్ల నాపరాయి. ఎన్ని ఊళ్లలో గట్లయిందో, ఎన్ని అల్మరాలకు అరలయిందో! ఆ బండల మధ్య పెరిగిన అమ్మాయి ‘ఇంటీరియర్ డిజైనర్‌నవుతా’ అంటే మాత్రం ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న... ‘దానికి పరీక్షేమైనా ఉందా? సర్టిఫికెట్టు చెల్లుతుందా?’

న్యాయమైన ప్రశ్నే. పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని రాసుకోవాలంటే 1972 నాటి చట్టం కింద నమోదు తప్పనిసరి. ఇంటీరియర్ డిజైనర్‌కు మన దేశంలో అలాంటి లైసెన్సు పరీక్ష లేదు. కాబట్టి ‘లైసెన్సు ఇప్పిస్తాం’ అనే ప్రకటన కనిపిస్తే ఫీజు కట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిందే.

మరి దారేది? పది పాసైనవారికి ఐటీఐలో ‘ఇంటీరియర్ డిజైన్ అండ్ డెకరేషన్’ ఏడాది ట్రేడ్ ఉంది. చివర్లో అఖిల భారత ట్రేడ్ టెస్టు. ఇంటర్ చదివినవారికైతే కడపలోనే, 2020లో ఏర్పాటైన ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. అందులో బీడిజైన్ సీటుకు ఏడీసెట్ రాయాలి.

అమెరికా, కెనడాల్లో స్థిరపడాలనుకునేవారికి కథ వేరు. అక్కడ ‘ఎన్‌సీఐడీక్యూ’ పాసైతేనే ఈ వృత్తిలో గట్టి గుర్తింపు. దీన్ని నిర్వహించే సంస్థ 1974లో పుట్టింది. పరీక్ష మూడు భాగాలు. మార్కుల కొలమానం 200 నుంచి 800 వరకు... 500 వస్తే పాస్. అసలు చిక్కు చదువుతో కాదు, గంటలతో! ఇంటీరియర్ డిజైన్ డిగ్రీ ఉన్నా 3,520 గంటల పని అనుభవం చూపాలి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 440 పనిదినాలు. ఆఫీసులో చేసిన పనికి లెక్క రాసిపెట్టుకోని వాళ్లు ఇక్కడే బోల్తాపడతారు.

ఇక ప్రిపరేషన్... రంగులూ కర్టెన్లూ అనుకుంటే పొరపాటే. ప్రశ్నల్లో మంటలొస్తే బయటపడే దారులు, నిర్మాణ నిబంధనలు, వెలుతురు, గాలి, కాంట్రాక్టు కాగితాలు అన్నీ ఉంటాయి. ఇది పుస్తకం ముందు కూర్చుంటే వచ్చేది కాదు. టేపు పట్టుకుని ఇల్లంతా కొలవాలి. ఉదాహరణకు, 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం ఇంటి మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదు, అడుగు పెట్టే వెడల్పు 250కి తగ్గకూడదు. పులివెందులలోనో జమ్మలమడుగులోనో పాత మిద్దె మెట్లు ఎక్కి కొలిస్తే అవ్వ మోకాళ్లెందుకు నొస్తున్నాయో తెలిసిపోతుంది! మండే ఎండల్లో మట్టిమిద్దె కింద చల్లగా ఎందుకుంటుందో, మధ్యాహ్నం వేడి లోపలికి రావడానికి రాత్రెందుకవుతుందో విడమర్చి రాయగలిగితే ఓ పాఠం వచ్చేసినట్టే.

వెలుతురు పాఠానికి ప్రొద్దుటూరును మించిన చోటు లేదు. బంగారు అంగళ్లలో పసిడి నగల మీద పసుపుపచ్చ దీపం, రవ్వల నగల మీద తెల్ల దీపం పడుతుంది. ఈసారి అమ్మ హారం బేరమాడుతున్నప్పుడు అమ్మాయి తలెత్తి పైకప్పు చూస్తే చాలు.